బోటులో కరెంటు సమస్య ఇలా తీరింది

కాకినాడలో మా బావ ఫైబర్ బోటు. వైర్‌లెస్ సెట్టులో మాట్లాడదామని బటన్ నొక్కగానే సెట్టు ఆగిపోయేది. బటన్ నొక్కి ఉంచి మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు, సెట్టు దగ్గర 10 కూడా లేదు. అంటే మధ్యలోనే పోతోంది. వైరు తోలు ఒలిచి చూస్తే లోపల రాగి నల్లబడి, పొడిపొడిగా రాలింది. ఉప్పుగాలి అంత లోపలికి పాకింది.

పాతదంతా పీకేసి తగరం పూత ఉన్న రాగి వైరు వేశాను. ఖరీదెక్కువే, కానీ సముద్రం మీద వేరేది వద్దు. 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది, అందుకని దానికి లావు వైరు. బ్యాటరీ ప్లస్ పక్కనే మెయిన్ ఫ్యూజు, ప్యానెల్‌లో స్విచ్చికొకటి. మైనస్‌లన్నీ ఒకే బస్‌బార్‌కి, అంటే వైర్లన్నీ కలిపి బిగించే లోహపు పట్టీకి. ప్యానెల్‌లోకి ఎక్కేముందు వైర్లను కాస్త కిందికి వేలాడదీశాను, పడ్డ నీళ్లు అక్కడే కారిపోతాయి.

నీళ్లు తోడే పంపు ఆటోమేటిక్ స్విచ్చిని మాత్రం సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇచ్చాను. మెయిన్ స్విచ్చి ఆపేసి ఇంటికెళ్లినా అది పనిచేయాలి కదా!

ఇప్పుడు బటన్ నొక్కినా సెట్టు దగ్గర 12.2 ఉంటోంది.