మనవరాలికి గుడ్డ ఏనుగు, దానికో పట్టు పావడ: ఎలా కుట్టాలి?

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఆరో రోజు రాత్రి గజవాహనం. ఆ ఏడాది మాడవీధిలో నా ఒళ్ళో కూర్చున్న మనవరాలు వాహనం కంటే దాని ముందు నడిచే నిజం ఏనుగుల్నే కళ్ళప్పగించి చూసింది. కొండ దిగి ఇంటికొచ్చామో లేదో, "అవ్వా, నాకూ ఏనుగు కావాల. దాని మీదికి ఎర్రబట్ట కూడా కావాల" అని పట్టు పట్టింది. ఆ ఏనుగుతో మొదలుపెట్టి ఇప్పటికి ఏడు కుట్టాను. మిషను ఉంటే ఒక పూట పని. చేతికుట్టు అయితే రెండు మూడు మధ్యాహ్నాలు పడుతుంది.

ముందు బట్ట సంగతి. ఏనుగు ఒంటికి గట్టి నేత కావాలి. మాకు నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల బట్ట దొరుకుతుంది, అది బాగా పనికొస్తుంది. వెంకటగిరి చీరలాంటి పల్చటి నూలు ఒంటికి వద్దు. దూది కూరగానే కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి. దాన్ని ఏనుగు దుస్తుల లోపలి లైనింగుకు దాచుకోండి. కొత్త బట్టయితే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. ఆరాక తెల్లటి తడిగుడ్డతో ఒకసారి రుద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ బట్ట పసిబిడ్డ నోట్లో పెట్టుకునే బొమ్మకు పనికిరాదు.

లోపల నింపడానికి మా అమ్మ కాలంలో బూరుగు దూది వాడేవాళ్ళు. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కానీ ఉతికితే ఉండలు కడుతుంది. దిండ్లలో వేసే ఫైబర్ దూది తీసుకోండి. 8 అంగుళాల ఏనుగుకు 100 గ్రాములు కొంటే ఇంకా మిగులుతుంది.

ఇక కత్తిరింపు. పాత న్యూస్‌పేపర్ మీద పక్కనుంచి కనిపించే ఏనుగును గీయండి. పొడవు 8 అంగుళాలు, ఎత్తు 6. తొండం ఎక్కడా అంగుళంన్నర కంటే సన్నగా ఉండకూడదు. సన్నగా గీస్తే అందంగానే ఉంటుంది కానీ కుట్టాక తిరగేయలేరు. కాళ్ళు పొట్టిగా, లావుగా ఉండాలి. పుంగనూరు ఆవు నిలబడినట్టు నిలబడాలి మన ఏనుగు. ఈ కాగితంతో రెండు ముక్కలు కత్తిరించండి, ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు. తర్వాత అదే కాగితం మీద మెడ కింది నుంచి తోక కింది దాకా కడుపు మధ్యగా కొంచెం వంపుగా ఒక గీత గీసి, ఆ గీతకు కింద ఉన్న భాగం, అంటే కడుపూ కాళ్ళూ, విడిగా మరో రెండు ముక్కలు తీయండి. ఇవి కడుపు ముక్కలు. ఇవి లేకుండా కుడితే ఏనుగు దిండులా పడుకుంటుంది, నాలుగు కాళ్ళ మీద నిలబడదు. అన్ని ముక్కలకూ చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదలండి. చెవులకు నాలుగు ముక్కలు.

కుట్టే వరస తప్పితే పని చిక్కుపడుతుంది. మొదట రెండు కడుపు ముక్కల్నీ మంచి వైపులు లోపలికి ఉండేలా కలిపి, ఆ వంపు గీత వెంబడి కుట్టండి. మధ్యలో 2 అంగుళాలు కుట్టకుండా వదిలేయండి. తర్వాత వాటి కాళ్ళను ఒంటి ముక్కల కాళ్ళకు జత చేసి, గుండుసూదులు గుచ్చి, ఒక్కోవైపు కుట్టుకు రండి. చివరికి మెడ కింది నుంచి తొండం చుట్టి, తల మీదుగా, వీపు మీదుగా తోక దాకా. తోకకు దారాలు జడ అల్లి, ఆ కుట్టులోనే ఇరికించండి. చేత్తో కుట్టేవాళ్ళు మామూలు పరుగు కుట్టు వేయొద్దు. ఒక అడుగు ముందుకు, సగం అడుగు వెనక్కి వచ్చే వెనక కుట్టే వేయాలి. మా మొదటి ఏనుగును పరుగు కుట్టుతో కుట్టాను. వారానికే తొండం మొదట్లో విచ్చుకుని దూది బయటికొచ్చింది.

తొండం లోపలి వంపులో, కాళ్ళ మధ్య వంపుల్లో కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టండి, కుట్టుకు తగలకుండా. లేకపోతే తిరగేశాక ముడతలు పడతాయి. పెన్సిల్ మొండి కొనతో తొండం బయటికి తోయండి. దూది గోలీకాయంత చొప్పున నింపాలి. ముందు తొండం కొస, తర్వాత కాళ్ళు గట్టిగా, ఆపైన తల, కడుపు ఆఖరున. వదిలిన సందును దారం కనపడకుండా మూసేయండి. చెవుల్ని రెండేసి ముక్కలు కలిపి కుట్టి, తిరగేసి, దూది లేకుండానే తలకు రెండు వరసలు బిగించండి. పిల్లలు ఏనుగును చెవి పట్టుకునే ఈడుస్తారు.

కళ్ళ దగ్గర మాత్రం నా మాట వినండి. ఒకసారి మెరుస్తాయని నల్లపూసలు కుట్టాను. ఏడాదిన్నర మనవడు ఏనుగు మొహాన్ని చప్పరిస్తూ ఉన్నట్టుండి ఆగాడు. దవడ కదలడం లేదు. వేలు పెట్టి చూస్తే నాలుక కింద పూస. ఆ రోజు నుంచి మా ఇంట్లో బొమ్మలకు పూసలూ గుండీలూ లేవు. నల్ల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు తీసుకుని పప్పుగింజంత కన్ను దగ్గరదగ్గరగా కుట్టండి. గుండుసూదుల్ని మొదలుపెట్టేముందు లెక్కపెట్టుకోండి, ముగించాక మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా బొమ్మ బిడ్డ చేతికి వెళ్ళకూడదు.

దుస్తుల కొలతలు దూది నింపాకే తీయాలి. కాగితం మీది కొలత చూసి కుడితే ఏదీ పట్టదు. ఏనుగు వీపు మీద పరిచే అలంకారపు బట్టను జూలు అంటారు. దానికి మా అమ్మాయి చిన్నప్పటి ఎర్ర పట్టు పావడ అంచు వాడాను. 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు. జరీ పసిచర్మానికి గీసుకుంటుంది కాబట్టి లోపల పాత నూలు చీర ముక్క లైనింగుగా వేయండి. కాళహస్తి కలంకారీ ముక్క ఉంటే దానికంటే మంచి జూలు ఉండదు. కడుపు కింద కట్టడానికి నాడాలు పెట్టొద్దు, పొడుగు నాడా పిల్లల మెడకు చుట్టుకోవచ్చు. అంగుళం వెల్క్రో చాలు.

పావడకు ఏనుగు నడుము చుట్టుకొలతకు రెండింతల పొడవు, 4 అంగుళాల వెడల్పు బట్ట తీసుకోండి. కింద అంచు మడిచి కుట్టి, పైన అర అంగుళం మడిచి, నడుము కంటే అంగుళం తక్కువ ఎలాస్టిక్ ఎక్కించి, రెండు కొసలూ కలిపి కుట్టండి. కుచ్చిళ్ళు వాటంతట అవే పడతాయి. వెనక కాళ్ళ వైపు నుంచి తొడగాలి. మూడేళ్ళ పిల్ల ఎవరి సాయమూ లేకుండా తొడిగి, విప్పి, మళ్ళీ తొడగగలగాలి. మా మనవరాలు రోజుకు పదిసార్లు మారుస్తుంది.

ఉతికేటప్పుడు దిండు గలీబులో వేసి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. ఎండాకాలంలో మేడ మీద ఒక్క రోజులో ఆరుతుంది. కార్తీకంలో వానలు ముసురు పట్టినప్పుడు ఉతకొద్దు, లోపలి దూది ఆరక ముక్కవాసన వస్తుంది. ఒంటి బట్టలో మిగిలిన పీలికలు పారేయకుండా ఒక కవర్లో దాచండి. ఎప్పుడో ఒకప్పుడు చెవి ఊడుతుంది, అప్పుడు అదే రంగు ముక్క కావాలి.