కంపెనీ లాయరుగా చేరుతున్నారా? ముందు కాటా దగ్గర కూర్చోండి

హనుమకొండ కోర్టులో పదకొండేళ్లు వాదించి, ఆ తరువాత వరంగల్ దగ్గర ఒక పత్తి జిన్నింగ్ (గింజలు తీసే) మిల్లులో లీగల్ ఆఫీసరుగా చేరాను. సుబేదారి లా కాలేజీలో చదివిన పిల్లలు వచ్చి, "కంపెనీలో ఉద్యోగం వచ్చింది మేడమ్, మొదట ఏ చట్టం చదవాలి?" అని అడుగుతుంటారు. చట్టం తరువాత, ముందు వారం రోజులు మిల్లు కాటా పక్కన కూర్చోండి అని చెబుతాను.

చేరగానే సనదు (అడ్వకేట్‌గా ప్రాక్టీసు చేసే అనుమతి) సంగతి తేల్చుకోండి. పూర్తికాలం జీతం తీసుకునే అడ్వకేట్ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన 49 చెబుతోంది. ఆ విషయం రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాసి పంపండి. నల్లకోటు బీరువాలో పెట్టిన రోజు నాకు దుఃఖం వచ్చింది, దాచను.

ఇక కాటా. పూర్వం నోటీసు వచ్చాకే కంపెనీకి లాయరు గుర్తొచ్చేవాడు. ఇప్పుడు నోటీసు రాకుండా చూడడమే మన పని, అది ఆఫీసు గదిలో కూర్చుంటే జరగదు. నేను చేరిన ఏడాదే వంద బేళ్ల (నొక్కి కట్టిన దూది మూటల) లారీ ఒకటి గొడవలో పడింది. బేలు సుమారు 170 కిలోలు, అంటే 17 టన్నుల దూది. కొన్న మిల్లు వారు తేమ ఎక్కువుందని డబ్బు ఆపేశారు. మా ఒప్పందంలో "తేమ సాధారణ స్థాయిలో ఉండాలి" అన్న ఒక్క వాక్యమే ఉంది. ఎవరు కొలవాలి, ఏ మీటరుతో కొలవాలి, లారీ ఎక్కించేటప్పుడా దించేటప్పుడా, తేడా వస్తే నమూనా ఎక్కడికి పంపాలి, ఎన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పాలి? ఒక్కటీ లేదు. అప్పటి నుంచి ఒప్పందం ముసాయిదా సంతకానికి వెళ్లే ముందు కాటా గుమాస్తాకు తెలుగులో చదివి వినిపిస్తాను. ఆయన ఎక్కడ ఆగి మళ్లీ అడిగితే ఆ వాక్యాన్ని అక్కడే తిరగరాస్తాను. మీరూ అలాగే చేయండి.

తేదీల పుస్తకం ఒకటి పెట్టుకోండి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తరువాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మా అకౌంట్స్ బల్ల మీద ఒక బ్యాంకు మెమో 40 రోజులు పడి ఉంది. ఆ నష్టం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. అందుకే ప్రతి సోమవారం అకౌంట్స్ వారి దగ్గరికి నేనే వెళతాను. సూక్ష్మ, చిన్న సరఫరాదారుల బిల్లులు కూడా అప్పుడే చూస్తాను. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. విడిభాగాలు తయారుచేసే చిన్న షెడ్డు యజమానికి సమయానికి డబ్బు ఇప్పించడం కూడా మన బాధ్యతేనని నేను నమ్ముతాను.

యజమాని అడిగినదానికి "కుదరదు" అని మాత్రమే రాసి పంపకండి. ఏ మార్పు చేస్తే కుదురుతుందో అదే కాగితం మీద రాయండి. రాసేటప్పుడు జాగ్రత్త కూడా ఉండాలి. కోర్టులో ప్రాక్టీసు చేసే అడ్వకేట్‌కు, కక్షిదారుకు మధ్య ఉండే గోప్యత రక్షణ కంపెనీ జీతంపై పనిచేసే లాయరుకు వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. వివాదం ముదిరేలా ఉంటే బయటి అడ్వకేట్‌ను ముందే సంప్రదించండి.

పోయిన సీజనులో ఒక రాత్రి కాటా గుమాస్తా ఫోను చేశాడు. "మేడమ్, మీటరు ఒకే బేలుకు రెండుసార్లు రెండు అంకెలు చూపిస్తోంది. లారీ పంపమంటారా?" ఆపమన్నాను. మర్నాడు వేరే మీటరు తెప్పించి, నమూనాలు తీసి, కొన్నవారికి ఫొటోలు పంపాకే ఆ లారీ గేటు దాటింది.