హెపటైటిస్ సి: లివర్ ఎంత గట్టిపడిందో బయాప్సీ లేకుండా తెలుసుకోవడం ఎలా?

హెపటైటిస్ సి అని తేలగానే మన కర్నూలు వైపు చాలామందికి పట్టుకునే భయం ఒకటుంది: లివర్‌లోంచి ముక్క తీస్తారేమో అని. ఆ టెన్షన్‌తో ఆసుపత్రికే పోకుండా ఉండిపోవద్దు. ఇప్పుడు ఎక్కువమందికి బయాప్సీ అవసరం రావడం లేదు. మామూలు రక్తపరీక్షలతో, నొప్పి లేని ఒక స్కాన్‌తో లివర్ పరిస్థితి అంచనా వేయొచ్చు.

ముందు వైరస్ ఉందో లేదో తేల్చుకోండి. యాంటీబాడీ (వైరస్‌పై పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే పదార్థం) పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు. కొందరిలో అది దానంతటదే పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్షతో ఆ సంగతి తేలిపోతుంది.

తర్వాత ఒకే రోజు రక్తం ఇచ్చి సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు పరీక్ష) చేయించుకోండి. వాటిలో మనకు కావలసినవి మూడే: ప్లేట్‌లెట్లు, ఇంకా లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. జ్వరంతో ఉన్నప్పుడు తీసిన రిపోర్టు దీనికి వాడొద్దు. డెంగీలో, కొన్ని వైరల్ జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇక ఫిబ్-4 లెక్క, అంటే ఈ అంకెలతో లివర్ ఎంత గట్టిపడిందో అంచనా వేసే సూత్రం. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. పొరపాటు జరిగేది ప్లేట్‌లెట్ల దగ్గరే. మన ల్యాబుల్లో 1.30 లక్షలు అని రాస్తారు. లెక్కలో దాన్ని 130గా తీసుకోవాలి. 1.3 వేసినా, 1,30,000 వేసినా వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

ఉదాహరణకు 52 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 68, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 1.30 లక్షలు అనుకుందాం. 52ను 68తో గుణిస్తే 3,536. 81 వర్గమూలం 9, దాన్ని 130తో గుణిస్తే 1,170. భాగిస్తే దాదాపు 3.02.

1.45 కంటే తక్కువ వస్తే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. 3.25 దాటితే ఎక్కువ. మన ఉదాహరణలోలా మధ్యలో ఆగితే ఏదీ తేలనట్టే, ఇంకో పరీక్ష కావాలి. 35 ఏళ్లలోపువాళ్లకు ఈ లెక్క అంతగా నప్పదు. 65 దాటినవాళ్లకు వయసు వల్లే అంకె పెరుగుతుంది. మద్యం తాగేవాళ్లలో ఎస్‌జీఓటీ విడిగా పెరుగుతుంది కాబట్టి ఆ విషయం డాక్టరు దగ్గర దాచొద్దు.

మధ్యలో ఆగినవాళ్లకు అక్కరకొచ్చేది ఫైబ్రోస్కాన్, లివర్‌లోకి తరంగం పంపి గట్టిదనం కొలిచే స్కాన్. కుడిచెయ్యి తల వెనక పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే, పక్కటెముకల మధ్య జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. వేలితో చిన్నగా చరిచినట్టు తెలుస్తుంది, అంతే. లివర్ గట్టిపడే కొద్దీ ఆ తరంగం వేగంగా పోతుంది. సరైన కొలతలు కనీసం పది తీసి, వాటి మధ్య విలువను కిలోపాస్కల్స్‌లో (గట్టిదనాన్ని కొలిచే యూనిట్) ఇస్తారు. హెపటైటిస్ సిలో సుమారు 7 లోపు ఉంటే ఊరట, 12.5 దాటితే సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి బాగా గట్టిపడిన దశ) అనుమానం. పరీక్షకు మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ఆదోని నుంచి బస్సు దిగి, బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిని నేరుగా వెళ్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉన్నా అంతే. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఈ స్కాన్ సరిగా పనిచేయదు.

మామూలు అల్ట్రాసౌండ్‌లో లివర్ నార్మల్ అని రాశారని ఇవన్నీ మానేయొద్దు. మొదటి దశల్లో గట్టిపడటం అందులో కనిపించకపోవచ్చు.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో మందులు ఉచితం. కర్నూలు పెద్దాసుపత్రిలో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో దీని గురించి అడగండి. సిర్రోసిస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏ మందు, ఎన్ని వారాలు అన్నది మారుతుంది.

మందులతో 95 శాతం మందికి పైగా వైరస్ పోతుంది. కానీ సిర్రోసిస్ వచ్చినవాళ్లకు ఆ తర్వాత కూడా లివర్ క్యాన్సర్ ముప్పు ఉంటుంది, కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పదు. చికిత్స అయ్యాక ఫిబ్-4 తగ్గిందని ఆ అల్ట్రాసౌండ్‌ను ఆపేయొద్దు. లివర్ వాపు తగ్గినా ఫిబ్-4 అంకె పడిపోతుంది. అందుకే చికిత్సకు ముందు తీసిన రిపోర్టులను ఫైల్లో భద్రంగా ఉంచి, ప్రతిసారీ డాక్టరుకు చూపించండి.