దేవునికి నమ్మకంగా నిలబడటం ఎలా? యొర్దాను రాళ్లు నేర్పే పాఠం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే శ్రీకాకుళం జిల్లా తీరంలోని మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై ఉన్నాయి. మా నాన్నమ్మ పాల లెక్క రాసే పొడుగాటి పుస్తకం తెప్పించి, చివరి పేజీలో నా చేత రెండు ముక్కలు రాయించింది: "చెట్లు పోయాయి. దేవుడి దయ, ఐదుగురమూ ఉన్నాం." కింద తేదీ వేయించింది. ఆమెకు చదువు రాదు. కానీ శ్రమలో గట్టిగా పట్టుకున్న దేవుణ్ని శ్రమ తీరాక మనుషులు మరిచిపోతారని ఆమెకు బాగా తెలుసు. బైబిల్లో ఇశ్రాయేలు ప్రజల చరిత్రంతా ఆ మరపు కథే. కాబట్టి నమ్మకంగా ఉండాలనుకునేవారు మొదట గుర్తుంచుకోవడం అలవాటు చేసుకోవాలి.

మొదటి పని: చరిత్రను వరుసగా చదవండి

ఇష్టమైన వచనాలు మాత్రమే ఏరుకుని చదివితే కథ తెలియదు. యెహోషువ గ్రంథంతో మొదలుపెట్టి రాజులు రెండో గ్రంథం వరకు 151 అధ్యాయాలున్నాయి. రోజుకొకటి చదివితే ఐదు నెలల్లో పూర్తవుతాయి. ప్రతి అధ్యాయం దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ మనిషి దేని గురించి దేవుణ్ని గుర్తుంచుకున్నాడు? ఎక్కడ మరిచిపోయాడు? సొలొమోను రాజు దగ్గరకు వచ్చేసరికి ఆగి ఆలోచించండి. దేవాలయం కట్టినవాడే ముసలితనంలో అన్యదేవతల వైపు తిరిగాడు. నాకు వయసు వచ్చింది, ఇక పడిపోనులే అనుకునే పెద్దలు చదవాల్సిన భాగం అది.

ఒకేసారి పది అధ్యాయాలు చదివి, తర్వాత వారం మానేయకండి. అరణ్యంలో ఇశ్రాయేలుకు ఆహారంగా ఇచ్చిన మన్నాను కూడా దేవుడు ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు. మాట వినక మర్నాటికి దాచినది పురుగు పట్టింది.

రెండో పని: మీ ఇంట రాళ్లు నిలబెట్టండి

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇది. వరద మీదున్న నాగావళిని శ్రీకాకుళం వంతెన మీద నిలబడి చూసినవారికి యెహోషువ గ్రంథం మూడు, నాలుగు అధ్యాయాలు వేరే చెప్పక్కర్లేదు. కోతకాలంలో యొర్దాను గట్లు పొర్లి పారుతోంది. దేవుడు నీళ్లను ఆపాడు, ఇశ్రాయేలు జనం ఆరిన నేల మీద నది దాటారు. అప్పుడు గోత్రానికి ఒకరు చొప్పున పన్నెండు మంది, నది నడుమ నుంచి తలా ఒక రాయి భుజాన ఎత్తుకొచ్చారు. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. "ఈ రాళ్లు ఎందుకు?" అని రేపు పిల్లలు అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్నది ఆజ్ఞ.

రాళ్లు నిలబెట్టారు. అయినా న్యాయాధిపతుల గ్రంథం రెండో అధ్యాయానికి వచ్చేసరికి యెహోవాను గాని, ఆయన చేసిన కార్యాలను గాని ఎరుగని తరం లేచింది. రాయి ఉంటే చాలదు, చెప్పే నోరు కూడా ఉండాలని నాకు అర్థమైంది అక్కడే.

ఒక నోటుబుక్కు తీసుకోండి. పెళ్లి, కాన్పు, తుపాను, తీరిన అప్పు, తగ్గిన జ్వరం, ఏదైనా సరే తేదీ వేసి రెండు వాక్యాల్లో రాయండి. పొగడ్తలు వద్దు, జరిగింది జరిగినట్టు రాయండి. నెలకొకసారి కుటుంబ ప్రార్థనలో ఒక పేజీ పిల్లల చేత చదివించండి. మా ఇంట్లో తమ్ముడి కూతురు ఆ తిత్లీ పేజీ చూసి, "ఇదెందుకు రాశారు మామ్మా?" అని అడిగింది. నాన్నమ్మ ఆ రాత్రి గాలి చప్పుడు దగ్గర నుంచి మొదలుపెట్టి గంటసేపు చెప్పింది.

మూడో పని: వేళ మార్చకండి

దానియేలు క్రీ.పూ. 605 ప్రాంతంలో కుర్రవాడిగా బబులోనుకు చెరపోయాడు. ముప్పై రోజుల పాటు రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదనే శాసనం వచ్చేసరికి అతడు ముసలివాడు. ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు తెరిచిన కిటికీ దగ్గర యథాప్రకారంగా రోజుకు మూడుసార్లు మోకరించాడు. శాసనం మీరినందుకు అతణ్ని సింహాల గుహలో వేశారు. ఆ "యథాప్రకారం" అన్న మాటలోనే అతని బలమంతా ఉంది. సింహాల గుహ ముందు అతడు కొత్తగా ధైర్యం తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

పలాసలో జీడి పిక్కలు కొట్టి, నూనె అంటి నల్లబడ్డ వేళ్లతో ఇంటికొచ్చే అక్కచెల్లెళ్లకు గంట ప్రార్థన సాగదు. పది నిమిషాలైనా ఒకే వేళకు, ఒకే చోట కూర్చోండి.

నాలుగో పని: ఎదురుచూసే రోజుల్లో దూడను చేసుకోకండి

మోషే కొండ మీద నలభై రోజులున్నాడు. జవాబు ఆలస్యమైందని జనం బంగారు చెవిపోగులు తీసిచ్చి, మొక్కడానికి దూడ విగ్రహం పోయించుకున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ మంచమెక్కేవారికి ఎదురుచూపు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. దేవునితో గోడు వెళ్లబోసుకోండి, కీర్తనల్లో దావీదు అదే చేశాడు. వైద్యం మాత్రం మానకండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. ఆ పైన యెషయా ప్రవక్త అతని కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు.

ఐదో పని: ఊరు దాటినా తెగిపోకండి

మన తీరం నుంచి వేటకు గుజరాత్ వెళ్లేవారు, పనికి చెన్నై, హైదరాబాద్ వెళ్లేవారు యిర్మీయా 29వ అధ్యాయం చదువుకుని బయలుదేరండి. బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. చేరిన మొదటి వారంలోనే ఒక సంఘాన్ని వెతుక్కోండి. ఇంట్లోవాళ్లు చదివే అధ్యాయమే మీరూ చదివి, రాత్రి ఫోనులో ఒక్క మాట చెప్పుకోండి.

పడిపోయిన రోజున

యేసు శిష్యుడు పేతురు ప్రధాన యాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ, యేసును ఎరుగనని మూడుసార్లు అన్నాడు. తర్వాత తిబెరియ సముద్రపు ఒడ్డున మళ్లీ బొగ్గుల నిప్పు, దాని మీద చేపలు. ఈసారి దాన్ని సిద్ధం చేసి పిలిచింది ప్రభువే. మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగి, పని తిరిగి అప్పగించాడు. మీరు నెల రోజులు బైబిలు తెరవకపోతే, తప్పిన ముప్పై అధ్యాయాల బాకీ లెక్కేసుకోకండి. ఈ రోజు అధ్యాయం తెరవండి. తిరిగి వచ్చిన ఆ తేదీని కూడా నోటుబుక్కులో రాయండి.