అత్తరు పూసుకునే పద్ధతి

చార్మినార్ పరిసరాల్లోని అత్తరు దుకాణాల్లో 3, 6, 12 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరుకుతాయి. వాటిలో మూతి దగ్గర గుండు తిరిగే రోల్-ఆన్ రకాన్ని ఎంచుకుంటే, ఒలికిపోతుందన్న బెంగ లేకుండా జేబులో వెంట ఉంచుకోవచ్చు. సంప్రదాయ అత్తరును ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో పూలను నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి తయారుచేస్తారు. ఆల్కహాలు లేని ఈ తైలం స్ప్రేలా ఒక్కసారిగా గుప్పుమనదు. ఒంటి వేడికి మెల్లగా విచ్చుకుంటుంది. అందుకే దీనిని బట్టలపై కాక చర్మంపై పూసుకోవాలి; పట్టుచీర మీద పడిన నూనె మరక వదలడం కష్టం.

కొత్త అత్తరును ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి, దురద గాని ఎర్రదనం గాని రాలేదని తెలిశాకే వాడాలి. స్నానానంతరం చర్మం పొడిబారి ఉంటే, వాసన లేని కొబ్బరి నూనె పలుచగా రాసుకుని, ఆపై మణికట్టు లోపలి వైపు, చెవుల వెనుక ఒక్కొక్క గీత గీస్తే చాలు. మణికట్లను ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దవద్దు. చెవి మడతలో అత్తరు దూదిని పెట్టుకునే పాత అలవాటు నాకు ఇప్పటికీ అన్నిటికన్నా నచ్చుతుంది.

ఎండాకాలానికి వట్టివేళ్లు, మల్లె; చలికాలానికి శమామా (మూలికలు, సుగంధ ద్రవ్యాలు కలిపి చేసే అత్తరు), ఊద్ (అగరు చెక్క అత్తరు) బాగుంటాయి. సీసాను ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు.