పిల్లల వార్డు రౌండ్స్‌కు ముందు

వానలు పడగానే వరంగల్ ఎంజీఎం సర్కారు ఆస్పత్రిలోనైనా, హన్మకొండ ప్రైవేటు ఆస్పత్రుల్లోనైనా పిల్లల వార్డులు జ్వరాలతో నిండుతాయి. పొద్దున రౌండ్స్‌లో, అంటే వార్డంతా తిరిగి చూసేటప్పుడు, పెద్ద డాక్టరు మంచం దగ్గర ఆగేది కొద్దిసేపే. అందుకే చెప్పాల్సినవి ముందే సిద్ధం చేసుకోండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూది, ఇచ్చిన గోళీలు దాచొద్దు. తిడతారని చెప్పకపోతే అదే మందు మళ్లీ పడొచ్చు. డెంగీలో ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఖాళీ స్ట్రిప్ ఉంటే చూపండి. పడని మందుంటే అదీ చెప్పండి.

‘జ్వరం తగ్గింది కదా, పంపేయండి’ అని పట్టుబట్టొద్దు. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చేతులు చల్లబడటం కనిపిస్తే రౌండ్స్ దాకా ఆగకుండా సిస్టర్‌ను పిలవండి.

మూత్రం ఎన్నిసార్లు, తాగింది ఎంత, టైముతో రాసిపెట్టండి. ప్లేట్‌లెట్ల టెన్షన్‌లో చాలామంది దీన్నే వదిలేస్తారు.

రాత్రి పక్కనున్న మనిషే రౌండ్స్‌లో మాట్లాడాలి. నానమ్మ చూసింది నాన్న చెప్తే సగం పోతుంది.

పీజీలు, హౌస్ సర్జన్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) ముందే వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. విసుక్కోవద్దు, పెద్ద డాక్టరుకు కేసు చెప్పేది వాళ్లే.

తాజా బరువు కేస్‌షీట్‌లో ఉందో లేదో అడగండి. పిల్లల డోసు కిలోల లెక్కనే.