విండోస్ 11కి పాత ప్రింటరు, పాత కాటా కలపడం ఎలా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. రాజాం, బొబ్బిలి వైపు రైసు మిల్లుల్లోనూ పలాస జీడిపప్పు బట్టీల్లోనూ బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, తూకం పంపే కాటాలు మాత్రం ఇంకో పదేళ్లు లాగేలా ఉన్నాయి. కంప్యూటర్ మారిన రోజు అవి మూగబోతే తప్పు వాటిది కాదు, సాధారణంగా డ్రైవరుది, అంటే యంత్రాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాముది.

విండోస్ 11లో 32 బిట్ రకం లేదు, అంతా 64 బిట్టే. 32 బిట్ ప్రోగ్రాములు అందులో నడుస్తాయి, 32 బిట్ డ్రైవర్లు నడవవు. అందుకే పాత సీడీ పెడితే సాఫ్ట్‌వేర్ చక్కగా ఎక్కుతుంది, ప్రింటరు మాత్రం కదలదు. ఇంకో సంగతి: మరీ పాత యంత్రాలే తేలిగ్గా కుదురుతాయి. పేచీ నడివయసు వాటితో.

డాట్ మ్యాట్రిక్స్

ముందు కంప్యూటర్‌తో పని లేకుండా ప్రింటరు బాగుందో లేదో తేల్చుకోండి. ఎప్సన్ ఎల్‌ఎక్స్-300+ అయితే ఎల్‌ఎఫ్/ఎఫ్‌ఎఫ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. అక్షరాల వరసలు కొడితే హెడ్డు, రిబ్బను బాగున్నట్టే.

కొత్త కంప్యూటర్లలో 25 పిన్నుల పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ కొనాలి. ప్రింటరు వైపు కొస 36 పిన్నులది కావాలి. గుచ్చగానే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపే విండోస్ జాబితాలో) 'యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్' అని కనిపిస్తే కేబుల్ పని చేస్తున్నట్టు. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్లి 'యాడ్ డివైస్' నొక్కి కాసేపు ఆగితే 'యాడ్ మాన్యువల్లీ' వస్తుంది. అక్కడ లోకల్ ప్రింటర్ ఎంచుకుని, పోర్టు దగ్గర యూఎస్‌బీ001 పెట్టండి. పాత ప్యారలల్ పోర్టు పేరైన ఎల్‌పీటీ1 అలాగే వదిలేస్తే బిల్లు ఎక్కడికీ పోదు.

తర్వాత ఎప్సన్ జాబితాలో 9 పిన్నుల హెడ్డుకి ఎల్‌ఎక్స్ లేదా ఎఫ్‌ఎక్స్ సిరీస్, 24 పిన్నుల హెడ్డుకి ఎల్‌క్యూ సిరీస్ తీసుకోండి. వేరే కంపెనీ ప్రింటరైనా ఎప్సన్ ఎమ్యులేషన్ (ఎప్సన్ ప్రింటరులా నడిచే వీలు) ఉంటే ఇదే పద్ధతి. 9 పిన్నుల డ్రైవరు, 24 పిన్నుల డ్రైవరు తారుమారైతే కాగితం నిండా పిచ్చి గుర్తులు పడతాయి. 'జెనెరిక్ టెక్స్ట్ ఓన్లీ' డ్రైవరు అన్నిటికంటే వేగం, కానీ అందులో తెలుగు అక్షరాలు రావు. రైతు పేరు తెలుగులో పడాలంటే ఎప్సన్ డ్రైవరే పెట్టాలి.

ఇక కాగితం కొలత. డ్రైవరు ఏ4 అనుకుంటే పేజీ ఎత్తు 11.69 అంగుళాలు. మీ పెట్టెలోది 10×12 కంటిన్యూస్ పేపరు. ఒక్కో బిల్లుకి 0.31 అంగుళం తేడా పోగుపడి, పదో బిల్లు దాదాపు మూడంగుళాలు పైకి జరిగిపోతుంది. చింపే గీత సరిగ్గా మొత్తం అంకె మీద పడుతుంది! దీనికి ప్రింటరును తిట్టి లాభం లేదు. 'ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్'లో కొత్త ఫారం చేసి వెడల్పు 10, ఎత్తు 12 అంగుళాలు ఇచ్చి, ప్రింటరు ప్రిఫరెన్సెస్‌లో దాన్నే ఎంచుకోండి. సగం కాగితం బిల్లయితే ఎత్తు 6.

పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రాము 64 బిట్ విండోస్‌లో తెరుచుకోనే తెరుచుకోదు. డాస్ ప్రోగ్రాములను నడిపించే డాస్‌బాక్స్-ఎక్స్‌లో నడిపి చూడండి. కుదరకపోతే పాత కంప్యూటర్‌నే ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికి ఉంచుకోవడం నయం.

కాటా

కాటా వెనక 9 పిన్నుల ఆర్ఎస్-232 పోర్టుకి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ వాడతారు. విండోస్ 11లో డివైస్ మేనేజర్ తెరిస్తే ఈ కేబుల్ పేరు దగ్గర 'పీఎల్2303హెచ్ఎక్స్ఏ ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012' అని కనబడటం మామూలే. కేబుల్ కాలిపోలేదు. ఆ పాత చిప్పునూ దాని నకళ్లనూ కొత్త డ్రైవరు కావాలనే పక్కన పెడుతోంది. 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి, కంప్యూటర్‌లో ఉన్నవాటి జాబితా నుంచి పాత వెర్షన్ ఎంచుకుంటే కొన్నాళ్లు నడుస్తుంది, విండోస్ అప్‌డేట్ వచ్చి మళ్లీ కొత్తది ఎక్కించేదాకా. సీజన్లో లారీ కాటా మీద ఉండగా ఈ తంటా ఎందుకు? ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్పున్న కేబుల్ కొనేయండి. డివైస్ మేనేజర్‌లో 'హార్డ్‌వేర్ ఐడీస్' చూస్తే ఏ చిప్పో తెలుస్తుంది: 0403 ఎఫ్‌టీడీఐ, 067బీ ప్రొలిఫిక్, 1ఏ86 అయితే సీహెచ్340 రకం.

తూకం రాకపోతే ముందు కేబుల్‌ని పరీక్షించండి. పుటీ (సీరియల్ పోర్టులో వచ్చే అక్షరాలను తెర మీద చూపే ప్రోగ్రాము) తెరిచి సీరియల్ ఎంచుకుని, ఫ్లో కంట్రోల్ 'నన్', లోకల్ ఎకో 'ఫోర్స్ ఆఫ్' పెట్టండి. కేబుల్‌ని కాటా నుంచి ఊడదీసి, దాని 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపి ఏదైనా టైపు చేయండి. అక్షరం తెర మీద కనబడితే కేబుల్, డ్రైవరు రెండూ మంచివే. అప్పుడు కాటాకి తగిలించండి. చెత్త అక్షరాలొస్తే వేగం కుదరలేదు, కాటా పుస్తకంలో బాడ్ రేటు (డేటా పంపే వేగం) చూసుకోవాలి. చాలావాటికి 9600, 8 బిట్లు, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. అసలేమీ రాకపోతే 2, 3 తీగలు అడ్డం మార్చి చూడాలి. పుటీలో తూకం వచ్చి బిల్లింగ్‌లో రాకపోతే పోర్టు నంబరు తేడా. పాత ప్రోగ్రాములు కొన్ని కామ్1 నుంచి కామ్4 వరకే చూస్తాయి. పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి కామ్7ని కామ్3 చేస్తే సరి. యూఎస్‌బీ రంధ్రం మార్చితే నంబరు మళ్లీ మారొచ్చు, కాబట్టి ఆ కేబుల్‌ని అక్కడే ఉంచండి.

జిరాక్సు షాపు లేజర్లు

హెచ్‌పీ 1020, క్యానన్ ఎల్‌బీపీ2900లదే నడివయసు పేచీ. పేజీ బొమ్మ తయారీ అంతా ఇవి కంప్యూటర్ మీదే వదిలేస్తాయి. కాబట్టి ఎప్సన్‌లాగా ఏదో దగ్గరి డ్రైవరుతో నెట్టుకురాలేం, వాటి సొంత 64 బిట్ డ్రైవరే కావాలి. కంపెనీ సైటు నుంచే దించుకోండి. విండోస్ 11 పేరు లేకపోతే విండోస్ 10 64 బిట్‌ది చాలాసార్లు పని చేస్తుంది. ఎల్‌బీపీ2900కి సెటప్ అడిగేదాకా కేబుల్ గుచ్చొద్దు. 1020కి ఫర్మ్‌వేర్ (ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రాము) ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచే ఎక్కుతుంది. కరెంటు పోయి వచ్చాక అది పలకకపోతే, కంప్యూటర్ పూర్తిగా లేచాక ప్రింటరు స్విచ్ ఆపి మళ్లీ వేయండి. లేజర్‌ని చిన్న యూపీఎస్‌కి తగిలించొద్దు, ఫ్యూజర్ (కాగితానికి ఇంకుపొడిని అతికించే వేడి భాగం) వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి అది తట్టుకోదు.

డ్రైవరు ఎక్కకపోతే రెండు చోట్లు చూడండి. 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' ఆన్‌లో ఉంటే కంపెనీ డ్రైవర్లు పనికిరావు, ఆపేయాలి. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్‌లో 'మెమరీ ఇంటెగ్రిటీ' పాత డ్రైవర్లను ఆపుతుంది. అది రక్షణ కోసం ఉన్నది, వేరే దారి లేనప్పుడే తీయండి. స్నాప్‌డ్రాగన్ చిప్పున్న ల్యాప్‌టాప్‌లకి ఆర్మ్ రకం డ్రైవర్లు వేరుగా ఉండాలి, ఈ పాత ప్రింటర్లున్న షాపుకి ఆ ల్యాప్‌టాప్ కొనకపోవడమే మేలు.

క్యానోస్కాన్ లైడ్ 25 లాంటి స్కానర్లకి కంపెనీ 64 బిట్ డ్రైవరు ఇవ్వలేదు. డబ్బు పెట్టి కొనే వ్యూస్కాన్ అనే స్కానింగ్ ప్రోగ్రాముతో నడుస్తుంది, లినక్స్‌లో అయితే ఉచితంగానే.

పాత కంప్యూటర్ ఇంకా అక్కడే ఉంటే, దాన్ని తీసే ముందు కాటా బాడ్ రేటు, కామ్ నంబరు, ప్రింటరు ఫారం కొలతలు ఫోన్లో ఫొటో తీసుకోండి.